ముసలమ్మకు పన్నెండు వోల్టులు

మా ఆయనకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే. ఈ సంగతి నలభై మూడేళ్లు కడుపులో పెట్టుకున్నాను. ఇప్పుడు వీధి వీధంతా తెలిసిపోయింది. దానికి దారి తీసింది కూడా నా నోరే. కాబట్టి రాయడానికి అడ్డేమీ లేదు. "రాసుకో, నీ ఇష్టం. నేను మాత్రం చదవను," అన్నాడాయన. చదవడు. మీటరు ముల్లు తప్ప ఆయన చదివిందేదీ నేను చూడలేదు. నా చదువు మూడో తరగతి. అయినా మా ఇద్దరిలో నాలుగు ముక్కలు కుదురుగా రాయగలిగేది నేనే.

ఆయన్ని అందరూ డైనమో మేస్త్రి అంటారు. కార్లకూ లారీలకూ కరెంటు పని చేస్తాడు. పాత బండ్లలో ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించేది డైనమో. దాని పొట్టలో సన్నటి రాగితీగ చుట్లు చుట్లుగా ఉంటుంది. అది కాలిపోతే మళ్లీ చుట్టగలిగినవాళ్లు ఈ చుట్టుపక్కల ఇద్దరే ఉండేవారు. రెండో ఆయన పోయి ఆరేళ్లయింది.

మా ఇంటి ముందు గదే షాపు. ఇనుప షట్టరు, పొడుగు బల్ల, గోడకు వేలాడే తీగచుట్టలు, మూలన చార్జింగుకు పెట్టిన బ్యాటరీలు. ఆసిడ్ వాసన వంటింటిదాకా వస్తుంది. ఆయన చొక్కాలన్నింటికీ పొట్ట దగ్గర జల్లెడలా చిల్లులు. "ఆ బ్యాటరీని చంటిబిడ్డలా పొట్టకు హత్తుకుని మోయకండి" అని పెళ్లయిన కొత్తలో చెప్పాను, నిన్న కూడా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం.

పని మాత్రం తెలిసినవాడు. స్క్రూడ్రైవరు మొనను తిరిగే డైనమోకి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, "బేరింగు పోయింది, తీగ మంచిదే" అంటాడు. విప్పి చూస్తే అంతే. కళ్లు మూసుకుని వేలికొసలతో చుట్లు లెక్కపెడతాడు. వేళ్లకున్న చూపు కళ్లకు లేదు. అదీ నాకు దొరికిన సంబంధం.

పెళ్లయిన వారానికి టమాటాలు తెమ్మంటే సగం పండ్లు, సగం పచ్చికాయలు తెచ్చాడు. అమ్మినవాడు మోసం చేశాడన్నాడు. మర్నాడూ అదే మోసం. మూడోనాడు ఒక పండూ ఒక కాయా రెండు చేతుల్లో పట్టుకుని, "వీటిలో పండింది ఏది?" అని అడిగాను. రెండింటినీ నొక్కి చూసి, "ఇది" అన్నాడు. నొక్కకుండా చెప్పమన్నాను. తల దించుకున్నాడు.

పని నేర్చుకునే రోజుల్లో ఎర్ర తీగకు బదులు ఆకుపచ్చ తీగ కలిపి ఒక బస్సు హారన్ కాల్చేశాడట. యజమాని పానా విసిరాడు. కనుబొమ మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తప్పును నిద్రమత్తు మీదికి తోశాడే గానీ అసలు మాట చెప్పలేదు. "చెబితే మళ్లీ తీగ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు," అని నా చేయి పట్టుకున్నాడు. అప్పటిదాకా ఒక చిన్న బల్బూ బ్యాటరీ పెట్టుకుని, వెలిగితే ఇదీ, వెలగకపోతే అదీ అని ఒక్కొక్క తీగనూ వెతుక్కునేవాడట. గంట పనికి రోజు పట్టేది.

అందుకని నేను వెళ్లి షాపులో ఒక పీట వేసుకున్నాను. బట్టలు కుట్టుకుంటూ, తీగ పట్టుకున్నప్పుడల్లా రంగు చెప్పేదాన్ని. సన్నటి తీగ మీద మిగతా రంగులూ ఆయనకు అనుమానమే. డైనమో మేస్త్రి పెళ్లాం మొగుణ్ని వదిలి క్షణం ఉండలేదని వీధిలో నవ్వుకున్నారు. నవ్వనీ అనుకున్నాను. కానీ పైకి "ఇది ఎరుపు, ఇది నలుపు" అంటే గుట్టు రట్టవుతుంది. అందుకని రంగులకు చుట్టరికాలు కలిపాం. ఎరుపు అత్తగారు, నలుపు మామగారు, నీలం మరిది, పసుపు ఆడపడుచు, ఆకుపచ్చ తోడికోడలు, తెలుపు పెద్దమ్మ. "మరిదిని పైనుంచి తీసుకురండి, ఆడపడుచు పక్కకు పోనివ్వకండి" అంటే బండి యజమానులు మా ఇంటి గొడవలనుకునేవారు. ఒకసారి ఒక లారీ ఓనరు టీ తాగుతూ కూర్చున్నాడు. నేను, "అత్తగారిని అక్కడికి కత్తిరించేసి మామగారికి దూరంగా కట్టేయండి" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి బయట నిలబడ్డాడు. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ లోపలి గదిలోంచి ఒకటే మాట.

"నన్నేనా?"

"మిమ్మల్ని కాదండీ."

"మరి నీకు ఎంతమంది అత్తలే?"

బండిలోని తీగలన్నింటినీ కలిపి కట్టే మోపును మేం జడ అంటాం. అల్లేది నేనే. ఆయన జడ వేసిన బండి దారిలో ఆగదని పేరొచ్చింది. ఆ పేరులో సగం నాది. ఆ సగం ఎవరికీ తెలియదు కాబట్టి నన్ను ఎవరూ పొగడలేదు. నేనూ అడగలేదు.

ఈమధ్య పని తగ్గింది. ఇప్పటి కార్లకు రోగమొస్తే తెర మీద రాసి వస్తుందట. మా అమ్మాయి కరెంటు ఆఫీసులో బిల్లుల కిటికీ దగ్గర పని చేస్తుంది. రెండు వీధుల అవతల కాపురం. వచ్చినప్పుడల్లా, "నాన్నా, ఇక షట్టరు దించేసి తలుపు పెట్టించు. మంచి గది అవుతుంది," అంటుంది. ఆయన వినీ విననట్టు తీగ చుడుతుంటాడు.

అలాంటి రోజుల్లో పోస్టుమాస్టారు వచ్చాడు. రిటైరై పదేళ్లయింది. మామగారి నుంచి వచ్చిన కారు ఒకటుంది ఆయనకు. కప్పకళ్ల లాంటి గుండ్రటి లైట్లు, పొట్ట ముందుకు తోసుకొచ్చిన ముక్కు. వయసులో ఆయనకంటే నాలుగేళ్లు పెద్దది. మేం ముసలమ్మ అంటాం.

"మేస్త్రీ, దీని లైట్లు అగ్గిపుల్లకు ఎక్కువ, కొవ్వొత్తికి తక్కువ," అన్నాడు దిగుతూనే.

"ఆరు వోల్టుల బండి మాస్టారూ. పుట్టినప్పటి నుంచీ అంతే కదా."

"మీ చెల్లెలికి ఆ మాట చెప్పు. పోయిన వారం మునిమాపు వేళ రోడ్డు పక్కన సిమెంటు గొట్టానికి గుద్దేశాను. ఏనుగంత గొట్టం మేస్త్రీ! కనబడలేదు. ఆవిడ దిగి ఇంటికి నడుచుకుంటూ వెళ్లిపోయింది. వెలుతురైనా తెప్పించు, బండినైనా వదిలించు, రెండోదైతే నాకు సంతోషం, అంది."

"వేరే షాపులో చూపించలేదా అన్నయ్యగారూ?" అన్నాను నేను.

"చూపించానమ్మా. పన్నెండు వోల్టుల బ్యాటరీ తగిలించేస్తే సరి అన్నాడు. తగిలించాడు. టప్ టప్ మని ఉన్న బల్బులు కూడా పోయాయి."

పాలు తాగే పిల్లకు పెళ్లిభోజనం పెడితే ఏమవుతుంది? అదే అయింది. ఆ బండిలో బల్బు, హారన్, వైపరు, పెట్రోలు చూపించే ముల్లు, కాయిల్, డైనమో, అన్నీ ఆరుకే పుట్టాయి. బ్యాటరీ ఒక్కటి మార్చితే కాదు, ఇంటిల్లిపాదికీ కొత్త నడత నేర్పాలి. ఇంజనును లేపే సెల్ఫ్ మోటారు ఒక్కటే మొండిఘటం. రెండు క్షణాలు తిరిగి ఊరుకుంటుంది కనుక పన్నెండునైనా తట్టుకుంటుంది.

మా ఆయన బానెట్ ఎత్తి ఒక తీగను రెండు వేళ్ల మధ్య నలిపాడు. పైనున్న గుడ్డ తొడుగు బూడిదలా రాలింది. "జడంతా కొత్తది వెయ్యాలి మాస్టారూ. మూడు వారాలు పడుతుంది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర నాతో అన్నాడు. "ఇది కుదిరితే ఇంకొన్నాళ్లు కూర్చుంటాను. కుదరకపోతే బోర్డు దించేస్తాను. అమ్మాయి అన్నట్టు గది చేసుకుందాం."

బోర్డు దించితే ఈ మనిషి పగలంతా ఎక్కడుంటాడు? నా వంటింట్లో. ఒకసారి జ్వరమొచ్చి నాలుగు రోజులు ఇంట్లో ఉన్నాడు. గోడ గడియారం విప్పాడు, మిక్సీ విప్పాడు, కుక్కరు విజిలు బరువెక్కువగా ఉందని ఆకురాయితో అరగదీశాడు. సరే, అది నా బాధ. అసలు బాధ వేరే ఉంది. ఆ రెండో డైనమో మేస్త్రిని చూశాను కదా. కొడుకులు బలవంతంగా షాపు మూయించారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ మనిషి అరుగు మీద కూర్చుని ఖాళీ చేతులతో గాలిలో తీగ చుట్టేవాడు. అన్నానికి కూడా పేరు పెట్టి పిలిస్తే గానీ లేచేవాడు కాదు. అది మా ఇంట్లో జరగకూడదు. అదీ నా పట్టుదల.

పని మొదలైంది. డైనమోను పన్నెండుకు తగ్గట్టు మళ్లీ చుట్టడానికే తొమ్మిది రోజులు. తీగ ఇంకా సన్నం, చుట్లు ఇంకా ఎక్కువ. పోస్టుమాస్టారు రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. చేతిలో పత్రికల నుంచి కత్తిరించిన ముక్కలు.

"మేస్త్రీ, ఇందులో చూడు. డైనమో పీకేసి ఇప్పటి కార్లకుండే ఆల్టర్నేటరు పెట్టేస్తే ఈ తంటా లేదంటున్నాడు."

"మీ పళ్లు పీకేసి పులి పళ్లు పెడితే నమలడం సులువు మాస్టారూ. పెట్టించుకుంటారా?"

ఆయన ఇంకో ముక్క తీసేవాడు. రూళ్ల కాగితం మీద అంటించి, కింద ఎర్రసిరాతో గీతలు కొట్టి మరీ తెచ్చేవాడు. పోస్టాఫీసులో ఉన్నన్నాళ్లూ ఇదే పనేమో.

డైనమో అయ్యాక జడ. కొత్త తీగచుట్టలు తెచ్చాం. మొత్తం ఇరవై ఆరు తీగలు, ఆరు రంగులు. నేలంతా పరిచి, కొలతకు కత్తిరించి, నూలు పట్టీ చుడుతూ అల్లుకొచ్చాను. ఆ జడను బండి గోడ లోపలి నుంచి, డాష్‌బోర్డు వెనక నుంచి దూర్చితే ముందు కొసలు ముందుకూ వెనక కొసలు వెనక్కూ తేలతాయి. అప్పుడు ఏ కొస ఎవరిదో చెప్పాలి. అది నా పని. నాకొక అలవాటుంది, చిన్నప్పటి నుంచి సూదిలో దారం ఎక్కించి ఎక్కించి వచ్చింది. సన్నటిది ఏది చూడాలన్నా కుడికన్ను మూసి, ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుంటాను.

అమ్మాయి ఆ రోజు అక్కడే ఉంది.

"అమ్మా, మొన్న సూదిలో దారానికి నన్ను పిలిచావు. ఒకసారి కళ్లు చూపించుకో."

"నా కళ్లకేమొచ్చింది? ఈమధ్య సూదులే బెజ్జం లేకుండా చేస్తున్నారు."

"అన్నం కూడా పసుపుగా ఉందన్నావు."

"నీ అన్నం పసుపుగానే ఉంటుంది. నీకు వండటం ఎవరు నేర్పారో!"

నేర్పింది నేనే. అది నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

పద్దెనిమిదో రోజు కొత్త బ్యాటరీ బిగించారు. మా ఆయన చేతులు తుడుచుకుని లోపల కూర్చుని లైటు బొత్తాం లాగాడు. వైపర్లు ఊగాయి. బ్రేకు తొక్కాడు. హారన్ మోగింది.

పోస్టుమాస్టారు చప్పట్లు కొట్టాడు. "మంచిదే కదా మేస్త్రీ! ఆపుతున్నానని అదే అరిచి చెబుతుంది!"

మా ఆయన నవ్వలేదు. నన్ను చూశాడు. "నువ్వు చెప్పిందొకటి, నేను కలిపిందొకటి అయ్యుంటుంది," అన్నాడు.

"అయ్యుంటుందేమిటి, అయింది," అన్నాను.

రెండు రోజులు పెట్టి అన్నీ విప్పి మళ్లీ కలిపాడు. ప్రతి కొసా రెండేసిసార్లు అడిగాడు. "మరిది ఎవరే?" "ఇదిగో." "నిజంగా మరిదేనా?" "నా మరిదిని నేను గుర్తుపట్టనా?" మళ్లీ బ్యాటరీ బిగించాడు. లైటు బొత్తాం లాగాడు. ఈసారి వైపర్లు కూడా ఊగలేదు. డాష్‌బోర్డు కింద నుంచి కమురు వాసన, తరువాత పొగ. ఆయన ఒక్క దూకులో దిగి ఒట్టి చేత్తో బ్యాటరీ క్లాంపు ఊడబెరికాడు. బొటనవేలు కాలింది. నేనల్లిన జడలో మూరెడు కరిగి ముద్దయింది.

"చేతికి చెబితే చేయి వినడం లేదే," అన్నాడు.

నలభై మూడేళ్లలో ఆ మాట ఆయన నోట వినలేదు. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డారు. నేను అరిచి చెబుతూనే ఉన్నాను," అన్నాను. ఈ ముక్క రాయకపోతే ఎవరికీ తెలియదు. అయినా రాస్తున్నాను.

మర్నాడు ఎండలో కూర్చుని, కరిగిన జడలో పనికొచ్చే ముక్కలు వేరు చేస్తున్నాను. నీలం ముక్క ఒకటి చేతిలో ఉంది. ఎదురెండ పడి ఎడమకన్ను మూసుకున్నాను. నీలమే. ఎండ తప్పుకుని, అలవాటు ప్రకారం ఎడమకంటితో చూశాను. నలుపు.

మళ్లీ కుడికన్ను. మరిది. మళ్లీ ఎడమకన్ను. మామగారు.

తెల్ల ముక్క తీశాను. కుడికంటికి పెద్దమ్మ, ఎడమకంటికి ఆడపడుచు. చీకటి షాపులో, కుడికన్ను మూసుకుని, ఇరవై ఆరు కొసల్లో సగానికి చుట్టరికాలు తప్పు చెప్పింది నేను. ఆయన చేయి నేను చెప్పినదాన్ని చెప్పినట్టే కలిపింది. హెడ్‌లైటుకు పోవలసిన తీగకు బదులు బండి బాడీకి ఆనే నల్ల తీగను పట్టుకెళ్లి బొత్తానికి ఇప్పించాను. కాలక ఏం చేస్తుంది?

ఆ రోజంతా నోరు పెగల్లేదు. నా నోటి సంగతి తెలిసినవాళ్లకు అదెంత వింతో చెప్పనక్కర్లేదు. మర్నాడు పొద్దున టీ ఇస్తూ చెప్పేశాను.

"తప్పు మీది కాదండీ. నా ఎడమకంట్లో ఏదో పొర వచ్చింది. నీలం నల్లగా కనబడుతోంది."

ఆయన టీ ఊదుకుంటూ నా ముఖంలోకి చూశాడు. "నలభై మూడేళ్లలో నువ్వు ఒక్క తప్పు ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోవలసినవి చేయలేదు."

"ఉప్పు ఎక్కువైతే ఉప్పు కొట్టువాడిది తప్పు. పాలు పొంగితే పొయ్యిది తప్పు. అలాంటిదానివి ఇప్పుడొచ్చి తప్పు నాదంటే నమ్మడానికి నేనేమైనా పిచ్చివాణ్నా? నన్ను ఊరడించకు. నా చేయి పోయింది. అంతే."

ఒట్టు పెట్టాను. నమ్మలేదు. తీగ ముక్కలు తెచ్చి చూపించాను. ఏం చూపించి ఏం లాభం? ఆయనకు నా మాట తప్ప సాక్ష్యం లేదు, నా మాట మీదే ఆయనకు నమ్మకం లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. మనిషి జీవితంలో అప్పుడప్పుడూ చిన్న చిన్న తప్పులు ఒప్పుకుంటూ ఉండాలి కాబోలు. అవసరానికి పనికొస్తాయి.

టీ గ్లాసు కింద పెట్టి ఆయన స్టూలు తీసుకుని బయటికి వెళ్లాడు. షట్టరు మీది బోర్డుకు మూడు స్క్రూలు. మొదటిది ఊడి వచ్చింది. రెండోది తుప్పు పట్టి తిరగలేదు. నూనె పోశాడు, సుత్తితో తట్టాడు, మళ్లీ తిప్పాడు. అప్పుడే పోస్టుమాస్టారు వచ్చాడు.

"ఏమిటి మేస్త్రీ, బోర్డుకు రంగు వేయిస్తావా?"

"దించేస్తున్నాను మాస్టారూ. బండి తీసుకెళ్లండి. నా చేయి పోయింది. ఇంకెవరికైనా చూపించండి."

పోస్టుమాస్టారు ముఖం పాలిపోయింది. "నువ్వే అలా అంటే ఇక ఇది పాత ఇనుమువాడికేగా," అని ముసలమ్మ బానెట్ మీద చేయి వేశాడు.

ఇక లాభం లేదనుకున్నాను. ఆయన్ని నమ్మించాలంటే మూడో మనిషి కావాలి. మూడో మనిషికి చెబితే నలభై మూడేళ్ల గుట్టు బయటపడుతుంది. ఆయనకిచ్చిన మాట పోతుంది, నా కంటి సంగతీ వీధిన పడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. పడనీ. గాలిలో తీగ చుట్టుకునే మనిషికి మూడు పూటలా అన్నం పెట్టడం నా వల్ల కాదు.

తీగ ముక్క తీసుకుని వెళ్లి పోస్టుమాస్టారి ముఖం ముందు పట్టాను.

"అన్నయ్యగారూ, ఇదేం రంగు?"

"ఇదేం ప్రశ్నమ్మా? నీలం."

కుడికన్ను మూశాను. "నాకు నలుపు." తెల్లముక్క పట్టాను. "ఇది?"

"తెలుపు."

"నాకు పసుపు. విన్నారాండీ?" అన్నాను, తల పైకెత్తి స్టూలు మీదికి. "ఇప్పుడైనా నమ్ముతారా? ఈయన కూడా ఉప్పు కొట్టువాడేనా?"

ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పోస్టుమాస్టారు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"నీకు ఏ రంగు కనబడితే ఏమిటమ్మా? తీగలు కలిపింది మేస్త్రి కదా?"

ఆ మాట చెప్పవలసింది నేను కాదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మా ఆయన స్టూలు దిగాడు.

"నాకు ఎరుపూ ఆకుపచ్చా తెలియదు మాస్టారూ. పుట్టుకతోనే. మిగతావీ చాలావరకు అనుమానమే. ఇన్నాళ్లూ ఆవిడే చెప్పింది."

పోస్టుమాస్టారు స్టూలు మీద కూర్చున్నాడు. ఏమంటాడో, వెళ్లి ఎవరికి చెబుతాడో అని నాకు భయం.

"అంటే... ఇన్నేళ్లూ ఆ అత్తగారూ మరిదీ..."

"ఎరుపూ నీలం," అన్నాడు మా ఆయన.

"ఓరి నీ! నేను ఇంటికెళ్లి మీ చెల్లెలితో, పాపం ఆ మేస్త్రి ఇంట్లో తమ్ముడికీ చెల్లెలికీ పడదు, అని ఎన్నిసార్లు బాధపడ్డానో తెలుసా!"

మా ఆయనకు నవ్వు వచ్చింది. పొగ వచ్చిన రోజు నుంచి అదే మొదటి నవ్వు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నేను పరువు తీసుకుంటే వీళ్లకు నవ్వులాట.

పోస్టుమాస్టారు చొక్కా చేతులు పైకి లాక్కుని, ఇక రంగులు తాను చెబుతానన్నాడు. పావుగంట ఓపిక పట్టాం. "ఇది ఆకాశనీలం అనవచ్చా మేస్త్రీ, లేక కొంచెం నెమలికంఠం వైపు మొగ్గుతోందా?" అని మొదలుపెట్టాడు. మా ఆయన ఆ తీగను ఆయన చేతిలోంచి సున్నితంగా తీసుకుని, "రంగులే వద్దు," అన్నాడు.

బల్ల అడుగు సొరుగులోంచి చిన్న బల్బు హోల్డరు తీశాడు. రెండు తీగలు వేలాడుతున్నాయి, చివర క్లిప్పులు. పెళ్లికి ముందు వాడిన దీపం. నలభై మూడేళ్లుగా దాచాడన్న సంగతి నాకే తెలియదు. నన్ను నమ్ముకుని కూడా దాచుకున్నాడు చూడండి!

కరిగిన మూరెడుకు కొత్తది అతికి, పని మళ్లీ మొదటి నుంచి. ఆయన బానెట్ దగ్గర బ్యాటరీ నుంచి ఒక తీగ కొసకు కరెంటు ఇస్తాడు. నేను వెనక డిక్కీ దగ్గర నేల మీద కూర్చుని, ఒక్కొక్క కొసకూ దీపం తగిలిస్తాను.

"వెలిగిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదంటున్నాగా. అరవకండి, నాకు కళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు."

"ఇప్పుడు?"

"వెలిగింది."

వెలిగిన కొసకు దారం కట్టి ముడులు వేశాను. మొదటి తీగకు ఒక ముడి, రెండోదానికి రెండు. ఐదు దాటాక పెద్ద ముడి ఒకటి ఐదుకు సమానం. ముడులు ఆయన వేళ్లకు తెలుస్తాయి, నా వేళ్లకూ తెలుస్తాయి. దీపం వెలగడం, ఆరడం ఏ కంటికైనా ఒకటే. ఇరవై ఆరు తీగలకు మూడు రోజులు పట్టింది. నా నడుము పట్టేసింది. పోస్టుమాస్టారు ముడులకు పేర్లు పెడదామన్నాడు. ఇద్దరం ఒకేసారి వద్దన్నాం. మేమిద్దరం ఒకేసారి ఒకే మాట అనడం అమ్మాయికి పేరు పెట్టిన తరువాత అదే మొదటిసారి.

పొద్దు వాలుతుండగా బ్యాటరీ బిగించాడు. ఈసారి ఎవరూ చప్పట్లకు చేతులెత్తలేదు. పోస్టుమాస్టారి భార్య కూడా వచ్చి, పొగ వస్తే పారిపోవడానికి వీలుగా గేటు దగ్గర నిలబడింది. మా ఆయన సెల్ఫ్ నొక్కాడు. ఎప్పుడూ మూలిగి మూలిగి లేచే ముసలమ్మ ఒక్క ఉలికిపాటుతో లేచింది. బ్రేకు తొక్కాడు, వెనక ఎర్రలైటు వెలిగిందని పోస్టుమాస్టారు అరిచాడు. హారన్ నొక్కితే ఎదురింటి కిటికీ తెరుచుకుంది. వైపర్లు ఊగాయి, ఊగమన్నప్పుడే. చివరికి లైటు బొత్తాం లాగాడు.

ఎదురింటి గోడ పెచ్చులూడిన చోట ఇటుకలు ఒక్కొక్కటే లెక్కపెట్టవచ్చు. పెట్రోలు ముల్లు ఒక్కటే సగం దగ్గర నిలిచిపోయింది. అది ఆరు వోల్టులప్పుడూ అక్కడే ఉండేదని పోస్టుమాస్టారు చెప్పాడు.

ఆవిడ గేటు దగ్గర నుంచి వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "ఇప్పుడు గొట్టం కనబడుతుందా?" అని మొగుణ్ని అడిగింది. "గొట్టం మీద చీమ కూడా," అన్నాడాయన. వెళ్లారు.

వాళ్లు బండి వెనక్కి తిప్పుకునేటప్పుడు లైట్లు ఒక్క క్షణం మా మీద పడ్డాయి. వాటి చుట్టూ గుడి కట్టి ఉంది, చంద్రుడికి కట్టినట్టు. "ఆ లైటు చుట్టూ రంగురంగుల చుట్టు ఏమిటండీ? పన్నెండు వోల్టులకు అలా వస్తుందా?" అన్నాను.

"నాకేమీ కనబడటం లేదే," అన్నాడు. నా ఎడమకంట్లోకి వంగి చూసి, "రేపు కంటాసుపత్రికి వెళుతున్నాం. షాపు ఒక రోజు మూసేస్తాను," అన్నాడు. నాకు జ్వరాలొచ్చినప్పుడు ఆయన మూయలేదు. ఇప్పుడు మూశాడు.

శుక్లం అన్నారు. తీసేశారు. కట్టు విప్పాక నర్సు ఒక రంగు అట్ట చూపించి, "ఇదేమిటి మామ్మా?" అంది. "మరిది," అన్నాను. ఆ పిల్ల కంగారుపడి డాక్టరును పిలవబోయింది. మా ఆయన పక్కనే ఉండి కూడా ఏమీ చెప్పలేదు, పొట్ట పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. అలాంటి మనిషి.

ఇప్పుడు షాపులో ఇంకో ముసలి బండి ఉంది, అదీ ఆరు వోల్టులదే. పోస్టుమాస్టారు పంపించాడు. ఊరంతా తిరిగి మా సంగతి చెప్పేశాడు కూడా. ఎవరూ బండ్లు వెనక్కి తీసుకెళ్లలేదు. పైగా జడ ఎవరు వేస్తారని అడిగి మరీ ఇస్తున్నారు. నేను రంగులు చెబుతున్నాను, ఆయన దీపం కూడా పెడుతున్నాడు. నమ్మకం లేక కాదట. రెండూ ఉంటే మంచిదట.

బోర్డు మాత్రం రెండు స్క్రూల మీద ఒక పక్కకు ఒరిగి వేలాడుతోంది. ఆ రోజు ఊడదీసిన మొదటిది చొక్కా జేబులో వేశాడు. ఆ జేబుకు ఆసిడ్ చిల్లు. ఇన్ని బండ్లు బాగుచేసే మనిషి ఒక్క స్క్రూ తెచ్చి బిగించడు. రోజూ చెబుతున్నాను. ఇవాళ కూడా చెప్పాను. "చూస్తాలే" అన్నాడు, తల ఎత్తకుండా, తీగ చుడుతూ.